కాగడా వెలుతురు పడని వీధి

శీతాకాల ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ టీవీలో ఒకే దృశ్యం చూస్తాం. గ్రీస్‌లోని ఒలింపియా శిథిలాల మధ్య స్త్రీలు పూజారిణుల వేషంలో నిలబడతారు. పుటాకార దర్పణంతో సూర్యకిరణాలను ఒకచోటికి చేర్చి జ్యోతి వెలిగిస్తారు. ఆ జ్యోతిని చేతులు మార్చుకుంటూ వేల కిలోమీటర్లు మోసుకుపోతారు. శాంతి, సౌభ్రాతృత్వం, మానవజాతి ఐక్యత అంటూ వ్యాఖ్యాతలు పరవశించిపోతారు. ఇదేదో వేల ఏళ్ళ నాటి పవిత్ర ఆచారమని మనమూ నమ్ముతాం.

కానే కాదు. ఒలింపిక్ కాగడా పరుగు పుట్టింది 1936లో. హిట్లర్ ప్రభుత్వం బెర్లిన్‌లో జరిపిన క్రీడల కోసం కార్ల్ డీమ్ అనే నిర్వాహకుడు తయారుచేసిన తతంగం ఇది. ఆ కాగడాలు చేసిచ్చింది ఆయుధాలు తయారుచేసే క్రుప్ కంపెనీ. శీతాకాల క్రీడలకు ఈ పరుగు 1952లో ఓస్లోతో మొదలైంది. ఇక అసలైన ప్రాచీన ఒలింపిక్స్ సంగతి చూద్దామా? పెళ్ళయిన స్త్రీ ఆ పోటీలు చూడడమే నేరం. పట్టుబడితే కొండ మీద నుంచి తోసెయ్యాలనే చట్టం ఉండేదని పౌసానియస్ అనే గ్రీకు యాత్రికుడు రాశాడు. అక్కడే ఈనాడు స్త్రీ చేత జ్యోతి వెలిగిస్తున్నారు! స్త్రీని దేవతను చేసి కూర్చోబెట్టడం, మనిషిగా మాత్రం గడప దాటనివ్వకపోవడం మనకు తెలియని విద్యా?

ఈ జ్యోతి ఎవరికి వెలుగిస్తోంది, ఎవరిని చీకట్లో ఉంచుతోంది అన్నది అర్థం కావాలంటే కెనడాలోని వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌ని చూడాలి. 2009 అక్టోబరు 30న విక్టోరియా నగరంలో మొదలైన కాగడా పరుగు 106 రోజులు సాగింది. సుమారు 45,000 కిలోమీటర్లు, 12,000 మంది కాగడాధారులు. ఖర్చు భరించిన ప్రధాన ప్రాయోజకులు కోకా కోలా, రాయల్ బ్యాంక్ ఆఫ్ కెనడా. దేశాన్నంతటినీ ఒక్క జ్యోతి కలిపిందన్నారు.

ఆ జ్యోతి ఊరూరా తిరుగుతున్న రోజుల్లోనే కెనడా న్యాయస్థానాల్లో ఒక కేసు నడుస్తోంది. పురుషులు 1924 నుంచీ శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ జంపింగ్ చేస్తున్నారు. స్త్రీలకు ఆ పోటీయే లేదు. అంత ఎత్తు నుంచి దూకడం వైద్యపరంగా స్త్రీలకు తగదన్నట్టు 2005లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడే మాట్లాడాడు. మన శరీరాల గురించి మనకంటే వీళ్ళకే ఎక్కువ తెలుసు మరి! దీన్ని సవాలు చేస్తూ క్రీడాకారిణులు కోర్టుకెక్కారు. ఇది వివక్షేనని 2009 జూలైలో బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అంగీకరించారు. అయితే నిర్ణయం అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీది కాబట్టి కెనడా హక్కుల చార్టర్ దానికి వర్తించదన్నారు. నవంబరులో అప్పీలు కొట్టేశారు. డిసెంబరులో దేశ అత్యున్నత న్యాయస్థానం వినడానికే నిరాకరించింది.

అంటే ఏమిటి? ఆ క్రీడలకు డబ్బు ప్రజలది, నేల ప్రజలది, పోలీసులు ప్రజల పోలీసులు. ప్రజల హక్కులు మాత్రం ఆ మైదానం గేటు దగ్గరే ఆగిపోవాలి! స్త్రీల స్కీ జంపింగ్ చివరికి 2014లో సోచిలో చేరింది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదది, పోరాడి తెచ్చుకున్నది. 2026 మిలాన్-కోర్టినా క్రీడల్లో కూడా నార్డిక్ కంబైన్డ్ అనే పోటీ పురుషులకు మాత్రమే జరిగింది.

ఇక కాగడా చివరికి చేరిన వాంకూవర్ నగరానికి వద్దాం. అక్కడ డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అనే నిరుపేదల పేట ఉంది. ఆ పేట నుంచి ఏళ్ళ తరబడి స్త్రీలు మాయమయ్యారు. వారిలో ఎందరో ఆదివాసీ స్త్రీలు. ఒళ్ళమ్ముకుని బతికేవాళ్ళు, మత్తుమందులకు బానిసలైనవాళ్ళు ఉన్నారు. తల్లులు, అక్కచెల్లెళ్ళు పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగారు. 'ఎక్కడికో పోయి ఉంటారులే' అన్న ధోరణే ఎదురయింది. చివరికి ఒక పందుల ఫారం యజమాని ఆరుగురు స్త్రీల హత్య కేసులో 2007లో దోషిగా తేలాడు. అతని మీద మోపిన హత్యానేరాలు మొత్తం 26. ప్రభుత్వం నియమించిన వాలీ ఒపల్ కమిషన్ 2012 డిసెంబరులో నివేదిక ఇస్తూ, పోలీసుల దర్యాప్తు ఘోరంగా విఫలమైందనీ, అందులో వ్యవస్థాగతమైన పక్షపాతం ఉందనీ తేల్చింది. ఆ నివేదిక పేరుకి అర్థం 'వదిలివేయబడినవారు'.

పోలీసులు చాలక, డబ్బు చాలక ఇలా జరిగిందా? ఒలింపిక్స్ భద్రతకు అదే దేశం పెట్టిన ఖర్చు సుమారు 90 కోట్ల కెనడియన్ డాలర్లు! కాగడా వెంట పోలీసులు పరుగెత్తారు. మంట ఆరిపోకుండా కాపాడారు. మనిషి ఆరిపోతే పట్టించుకునే నాథుడు లేడు.

ఆ పేట స్త్రీలు ఊరుకోలేదు. 1992 నుంచీ ఏటా ఫిబ్రవరి 14న వాళ్ళు తమ ఊరేగింపు తాము తీస్తున్నారు. డప్పులు మోగిస్తూ, హత్యకు గురైన స్త్రీ కోసం ఎర్ర గులాబీ, కనిపించకుండా పోయిన స్త్రీ కోసం పసుపు గులాబీ పెడుతూ సాగుతారు. 2010లో ఒలింపిక్స్ మొదలైన రెండు రోజులకే ఆ తేదీ వచ్చింది. ఊరంతా ఉత్సవంగా ఉన్నా ఊరేగింపు ఆగలేదు. మా దృష్టిలో ఆ రోజుల్లో వాంకూవర్ వీధుల్లో నడిచిన అసలైన జ్యోతి అదే. దానికి ప్రాయోజకులు లేరు.

హారియెట్ నహానీ పేరు కూడా మనం గుర్తుపెట్టుకోవాలి. ఒలింపిక్స్ కోసం విస్తరిస్తున్న రహదారికి ఈగిల్‌రిడ్జ్ బ్లఫ్స్ దగ్గర 2006లో అడ్డుపడి అరెస్టయిన ఆదివాసీ పెద్ద ఆమె. కోర్టు ధిక్కారం కింద 2007 జనవరిలో 14 రోజుల జైలుశిక్ష వేశారు. బయటికి వచ్చిన కొద్ది వారాలకే, 71 ఏళ్ళ వయసులో, న్యుమోనియాతో చనిపోయింది. ఆమెకు ఏ కాగడా సెల్యూట్ చేసింది?

నాలుగు ఆదివాసీ జాతులు అధికారికంగా ఆతిథ్యం ఇచ్చాయి కదా, ఎందరో ఆదివాసులు ఇష్టంగానే కాగడా పట్టుకున్నారు కదా అని అడగవచ్చు. నిజమే. తమ ఉనికిని లోకానికి చాటుకునే అవకాశాన్ని వాళ్ళు వాడుకోవడాన్ని తప్పుపట్టం. మా పేచీ కాగడా పట్టుకున్న చేతులతో కాదు. ఆ చేతులను ఫొటో తీసి, అదే చేతులు రాసిన ఫిర్యాదును బుట్టదాఖలు చేసే రాజ్యంతో.

ఇదంతా ఎక్కడో మంచుదేశం గొడవ అనుకుందామా? అదే 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల కోసం రాణిగారి బేటన్ మన రాష్ట్రాలన్నీ తిరిగింది. అక్కడ ఆ క్రీడల కోసం పేదల బస్తీలు కూల్చారు. నిర్మాణాల్లో పనిచేసిన కూలీలకు కనీస వేతనాలు కూడా దక్కలేదని హైకోర్టు నియమించిన కమిటీయే చెప్పింది. లైంగిక వేధింపులపై న్యాయం అడిగిన మల్లయోధులను, పతకాలు తెచ్చిన ఆడపిల్లలను, 2023 మే 28న ఢిల్లీ రోడ్ల మీద ఈడ్చుకెళ్ళడం మనమంతా చూశాం. ఇప్పుడు 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వస్తున్నాయి. బేటనో, కాగడానో మళ్ళీ మన ఊళ్ళ మీదుగా వస్తుంది. పిల్లలకు జెండాలిచ్చి ఎండలో నిలబెడతారు. స్వాగతానికి మహిళా సంఘాలను బోనాలతో, కోలాటాలతో రమ్మంటారు.

అప్పుడు మనం అడగవలసినవి అడగాలి. ఈ దారి వెడల్పు చెయ్యడానికి ఎవరి ఇళ్ళు కూల్చారు? కట్టిన కూలీకి కూలి ముట్టిందా? క్రీడాకారిణి ఫిర్యాదు చేస్తే వినే కమిటీ ఎక్కడుంది? ఈ ఊళ్ళో కనిపించకుండా పోయిన ఆడపిల్లల కేసులు ఎన్ని, ఎక్కడిదాకా వచ్చాయి?

వీటికి జవాబు చెప్పాకే హారతి పళ్ళెం పడదాం. అప్పటిదాకా మన చేతుల్లో ఉండవలసింది మన అక్కచెల్లెళ్ళ పేర్లు రాసిన అట్టలే.