ప్రక్క బలం

రాయి ఎంత గట్టిదని అడిగితే, "ఎక్కడున్న రాయి?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు శాస్త్రజ్ఞుడు. బయట వున్నప్పుడు ఒక బలం, భూగర్భంలో వున్నప్పుడు మరొక బలం చూపడం రాతికి సహజమట!

మా ఖానాపూర్ గోదావరి ప్రక్క వూరు. ఇక్కడినుంచి తూర్పుగా వెడితే బెల్లంపల్లి, మందమర్రి. అంతా సింగరేణి బొగ్గు సీమ. ఆ వేపునుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఒకనాడు, "సార్, మా నాయిన బాయిల పని చేస్తడు. పైకప్పు ఆగేటందుకు నడుమ గింత మందం బొగ్గు స్తంభాలు ఇడుస్తరు. గదే బొగ్గుతోటి సన్నవి నాలుగు ఇడిస్తే ఆగదా?" అన్నాడు. ఛందస్సు అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. కాని ఇది తండ్రి ప్రాణంతో ముడిపడిన ప్రశ్న. పుస్తకాలు తిరగవేశాను.

ముందు వంటింట్లోకి వెడదాం. గుప్పెడు బియ్యం పీటమీద పోసి అరచేత్తో నొక్కండి. ప్రక్కలకు జారిపోతాయి. అవే బియ్యం గోనెసంచిలో బిర్రుగా కూరి కుట్టేస్తే, మనిషి ఎక్కి కూర్చున్నా చెక్కుచెదరవు. గింజలు మారలేదు, ప్రక్కలనుంచి అదిమిపట్టే గోనె వచ్చిందంతే.

రాయీ అంతే. ఎంత నున్నని రాతిలోనైనా కంటికి కనబడని బీటలుంటాయి. పైనుంచి బరువు పడితే అవి నోరు తెరిచి, ఒకదానితో ఒకటి కలిసి, రాతిని నిలువునా చీలుస్తాయి. ప్రక్కలనుంచి ఒత్తిడి వుంటే నోరు తెరవలేవు. జారబోయినా రాపిడి అడ్డుపడుతుంది. అందువల్ల ప్రక్క ఒత్తిడి ఒక పాలు పెరిగితే, రాయి మోయగల బరువు సాధారణంగా మూడు నాలుగు పాళ్ళో, అంతకు మించో పెరుగుతుంది.

తరువాత విమానశాస్త్రంలో పేరుపొందిన థియోడార్ ఫాన్ కార్మన్, జర్మనీలోని గొట్టింగెన్‌లో చేసిన ప్రయోగాలను 1911లో ప్రకటించాడు. కర్రారా పాలరాతి ముక్కలకు చుట్టూ ద్రవంతో ఒత్తిడి కల్పించి, పైనుంచి నొక్కాడు. ఒత్తిడి లేనప్పుడు రాయి భళ్ళున పగిలింది. కొంత ఒత్తిడిలో ఏటవాలుగా తెగింది. వాయుమండల పీడనానికి ఏడువందల రెట్ల దరిదాపుకు వచ్చేసరికి, పగలడం మాని పీపాలా ఉబ్బింది!

ఇప్పుడు బాయిలోని స్తంభం చూడండి. 300 మీటర్ల లోతున పైనున్న నేల బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు 75 కిలోలు. చుట్టూ సగం బొగ్గు తీసేస్తే, మిగిలిన సగంమీద ఆ బరువు రెట్టింపవుతుంది. స్తంభం అంచులకు ఒక ప్రక్క ఆధారం లేదు కనుక అవి పెచ్చులూడుతాయి. నడిబొడ్డుకు మాత్రం ఆ అంచులే గోనెసంచి. నాలుగు సన్న స్తంభాలైతే అన్నీ అంచులే; నడిబొడ్డు వుండదు. పెచ్చులూడిన బొగ్గు పనికిమాలిందని గీకి తీసుకుంటే, గోనె కుట్లు విప్పినట్టే. లోతు పెరిగేకొద్దీ స్తంభం పెద్దదిగా వుండాలని గనుల నిబంధనలు చెప్పేది ఇందుకే.

ఎందరో తెలుగు, తమిళ కార్మికులు పనిచేసిన కోలారు బంగారు గనులు 3 కిలోమీటర్లకు మించి దిగాయి. అక్కడ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 800 కిలోలు దాటుతుంది. అన్నివేపులా బంధించివున్నంతకాలం ఆ రాయి నిశ్చలం. ఒకవేపు తవ్వి దారి చేయగానే ప్రక్క ఆధారం పోయి, ఒక్కొక్కప్పుడు ఫిరంగిలా పేలేది. ఆ పేలుళ్ళలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి.

ఈనాడు బొగ్గుబాయి పైకప్పుకు రంధ్రాలు చేసి ఉక్కు బోల్టులు బిగిస్తారు. అవి కొండను మోయలేవు. విడిపోబోయే పొరలను దగ్గరకు అదిమి, మనం తీసేసిన బిగింపులో కొంత తిరిగి ఇస్తాయి. వాటిని బిగించేవాడు తొందరపడితే, ఆ లోటు పైనుంచి చూసేవారికి కనబడదు. కింద షిఫ్టులో వున్నవాడికే తెలుస్తుంది.