ఎక్కువ ధర పలికితే మంచి డిజైనేనా?

పేరున్న స్నీకర్లు కొన్న ధరకు రెండింతలకు తిరిగి అమ్ముడవుతాయని హైస్కూలు పిల్లలకు బాగా తెలుసు. ఎక్కువ పలికిందే గొప్ప డిజైన్ అన్నది వారి లెక్క. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో అంకెలతోనే చూద్దాం.

స్నీకర్ల రీసేల్‌కు అమెరికాలో పెద్ద వేదిక స్టాక్‌ఎక్స్. డెట్రాయిట్‌లో 2016లో మొదలైంది. 2019లో ఆ సంస్థ ఒక పోటీ కోసం 99,956 అమ్మకాల నమూనాను విడుదల చేసింది. 2017 సెప్టెంబరు నుంచి 2019 ఫిబ్రవరి మధ్య జరిగిన అమ్మకాలవి. వాటిలో అడిడాస్ యీజీ 350 జతలు 72,162. నైకీ, ఆఫ్-వైట్ కలిసి తెచ్చినవి 27,794.

సగటు ధరలో ఆఫ్-వైట్ జతలే బాగా ముందున్నాయి. అయితే ధరలను నేరుగా పోలిస్తే పొరపాటు. అప్పట్లో యీజీ దుకాణం ధర 220 డాలర్లు ఉండేది. ఆఫ్-వైట్‌వి మోడల్‌ను బట్టి 130 నుంచి 250 వరకు ఉండేవి. ఉదాహరణకు 220 డాలర్ల జత 330కి పోతే పెరుగుదల 50 శాతం. 130 డాలర్లది 260కి పోతే 100 శాతం. తక్కువ ధర పలికిన రెండోదే శాతంలో ముందుంది.

నాలుగైదు జతలు వేల డాలర్లు పలికితే చాలు, సగటు పైకి లేస్తుంది. మధ్యగతం అంతగా కదలదు. అందుకే దాన్నే చూడాలి. అదీ ఒకే సైజు జతల మధ్య, విడుదలైన నాటి నుంచి అన్నే రోజులకు జరిగిన అమ్మకాల మధ్య.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. ఎన్ని జతలు తయారుచేశారో కంపెనీలు సాధారణంగా చెప్పవు. యీజీలో నలుపు తెలుపు చారల 'జీబ్రా' 2017 ఫిబ్రవరిలో వచ్చింది. జూన్‌లో మళ్లీ విడుదల చేయగానే దాని రీసేల్ ధర పడిపోయింది. చారలు అవే, డిజైన్ అదే. పెరిగింది సరుకు మాత్రమే. అంటే ఆ ధరలో చాలా భాగం కొరతదే.

శాతం, సగటు, మధ్యగతం మన పిల్లల లెక్కల పుస్తకంలో ఉన్నవే. ఉపాధ్యాయులు ఈ ఉదాహరణతో ఆ పాఠం చెబితే తరగతి చెవులు రిక్కించి వింటుందని మా నమ్మకం. ఇక ఇంట్లో పిల్లలు 'ఇది పెట్టుబడి' అంటూ ఖరీదైన బూట్లు అడిగితే తల్లిదండ్రులు వెంటనే కసురుకోనక్కర్లేదు. అసలు ధర ఎంత, మధ్యగతం ఎంత, రేపు మరో లక్ష జతలు వస్తే ఏమవుతుంది అని అడిగితే చాలు. లెక్క వాళ్లే వేసుకుంటారు.