కౌలుపత్రముపై సంతకము

ఐ.పోలవరము మొదలుకొని ఎదుర్లంక దాక గౌతమీ తీరమున వరిచేల నడుమ నడచు బాటసారికి గట్లు ఒక సంగతి చెప్పవు: దున్నువాడొకడు, పాసుపుస్తకమునందు పేరున్నవాడు వేరొకడు. శ్రమించువాని హక్కును గూర్చిన మాట క్రొత్తది కాదు: 1891లో పదమూడవ లియో పోపు ‘రేరుం నొవారుం’ లేఖయందు శ్రామికుని న్యాయమైన వేతనమును గూర్చి వ్రాసెను. 1963 ఏప్రిల్ 11న ఇరువదిమూడవ యోహాను పోపు ‘పాచెం ఇన్ తెర్రిస్’ లేఖను వెలువరించి, ఒకని హక్కును గుర్తించి మన్నించుట తక్కినవారి విధియని తేటతెల్లము గావించెను. హక్కులను గూర్చి ఉపన్యసించువారికి మనలో కొదువ లేదు గాని, విధియను ఈ రెండవ సగమును చదువువారు అరుదు.

మన కౌలుచేలనే చూడుడు: 2019 నాటి రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలల ఒప్పందముపై కౌలుదారునకు కార్డును, దానివలన పంట రుణమును, బీమాను, నష్టపరిహారమును పొందు అవకాశమును కల్పించినది. అయితే యజమాని సంతకము చేసిననే ఆ కార్డు. కౌలుదారు శిస్తు బస్తాలను అప్పుచేసియైనను కొలిచి తన విధి తీర్చుకొనును. సంతకమడిగిననాడు మాత్రము భూమి చేజారునేమో యను శంకతో యజమాని చేయి వెనుకాడును. యాజమాన్యమునకు భంగము లేదని ఆ చట్టమే పలుకుచుండ, ఈ శంక నిరాధారము. 2011 ఖరీఫున కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి, గిట్టుబాటు ధర తమ హక్కని చాటిరి, అది న్యాయమే. ఆ న్యాయమును తమ చేను దున్నువానికిచ్చుటలో జాప్యమేల? భూమిగల పాఠకులారా, సార్వా నాట్లకు ముందే సంతకము చేయుడు.