లేఅవుట్‌లో చోటు లేని మసీదు

కాజీపేట పేరులోనే ఒక కాజీ ఉన్నారు. 19వ శతాబ్దంలో వరంగల్లుకు కాజీగా ఉండిన హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (రహ్మతుల్లాహ్ అలైహ్) దర్గాకు సఫర్ నెల ఉర్సులో హిందువులు, ముస్లిములు ఒకే తోవన నడిచి వస్తారు. ఇదే పట్టణంలో ఫాతిమా మాత కేథడ్రల్ ఉంది, శ్వేతార్క గణపతి ఆలయం ఉంది. ఇటువంటి ఊరి నుండి ప్రార్థనాస్థలాల సమస్యపై సంపాదకీయం రాయవలసిన అవసరమేమి వచ్చిందని పాఠకులు అడగవచ్చును. ఆ అవసరం పాత కాజీపేటలో పుట్టలేదు. పట్టణం చుట్టూ పొలాలు ప్లాట్లుగా మారినచోట పుట్టింది.

కొత్త కాలనీ ఎలా ఏర్పడుతుందో చూడండి. ముందు లేఅవుట్ గీస్తారు. అందులో రోడ్లుంటాయి, నూటికి పది వంతుల ఖాళీ స్థలముంటుంది, నీళ్ల ట్యాంకుకు చోటుంటుంది. ఆ కాగితం ఆమోదం పొందేనాటికి అక్కడ ఒక్క కుటుంబమూ కాపురముండదు కనుక, రాబోయేవారు ఎవరు, వారికి ఏమి కావాలి అన్న ప్రశ్న ఎవరికీ తోచదు. పదేళ్లు గడిచేసరికి అక్కడ ఇరవై ముప్ఫై ముస్లిం కుటుంబాలు చేరుతాయి. రైల్వేలో పదవీ విరమణ చేసి సొంత ఇల్లు కట్టుకున్నవారు, ఉపాధ్యాయులు, మెకానిక్కులు, కిరాణా వ్యాపారులు. పాత మసీదు మూడు నాలుగు కిలోమీటర్ల దూరం. జుమాకు ఎలాగో వెళ్లిరాగలరు. ఫజ్ర్ వేళ మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు ఆటో ఎక్కడ దొరుకుతుంది? ఎవరో ఒకరు తమ ఇంటి ముందుగదిని ఇస్తారు. రంజాన్‌లో తరావీహ్ మొదలవుతుంది. బయట చెప్పులు, మోటారు సైకిళ్లు కనిపిస్తాయి. పొరుగువారిలో ఒకరు స్టేషనుకు ఫోన్ చేస్తారు. మర్నాటికి ఆ గది 'అనుమతి లేని కట్టడం' అవుతుంది, అందులో నమాజు చదివినవారు అక్రమానికి పాల్పడినవారవుతారు.

అనుమతి తీసుకోవచ్చు కదా అనే మాట న్యాయమైనదే. మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు నడిపినవారము. దస్త్రం మీద 'తిరస్కరించడమైనది' అన్న మాట అరుదుగా పడుతుంది. ఎందుకంటే తిరస్కరిస్తే కారణం రాయాలి, కారణం రాస్తే దానిపై అప్పీలు వస్తుంది. కనుక 'చర్చించండి' అని రాస్తారు, లేదా 'నివేదిక కోరండి' అని రాస్తారు. కొన్నేళ్ల క్రితం ఒక మసీదు కమిటీ దరఖాస్తు వెంట మేమే తిరిగాము. మొదటి కార్యాలయం రెండవదాని అభిప్రాయం కావాలన్నది, రెండవది మూడవదానిని అడిగింది, మూడవది మొదటి కార్యాలయం నిర్ణయం తరువాతనే చెబుతామన్నది. ఎవరూ కాదనలేదు, ఎవరూ దురుసుగా మాట్లాడలేదు, టీ కూడా ఇచ్చారు. దరఖాస్తుపై సంతకం చేసిన పెద్దలలో ఇద్దరు ఆ దస్త్రం తేలకముందే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ఇళ్లు కట్టుకునేవారికి గొప్ప ఊరట. చిన్న ఇంటికి యజమాని స్వీయ ధృవీకరణతోనే అనుమతి. పెద్ద కట్టడాలకు 21 రోజుల గడువు, ఆ లోపల జవాబు రాకుంటే అనుమతి వచ్చినట్లే. గడువు పెడితే కార్యాలయాలు పనిచేస్తాయని ప్రభుత్వమే నిరూపించింది. అయితే ప్రార్థనాస్థలం విషయంలో రెవెన్యూ, పోలీసు అధికారుల అభిప్రాయం కోరడం వాడుక. మేము చూసిన దస్త్రాలలో ఆ అభిప్రాయానికి మాత్రం తేదీ లేదు. శాంతిభద్రతల దృష్ట్యా విచారణ వద్దని మేము అనము. రాజ్యాంగం 26వ అధికరణం ప్రతి మత వర్గానికీ తన మత సంస్థలను స్థాపించి నడుపుకునే హక్కునిస్తూనే, ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి అన్నది. విచారణ జరగనివ్వండి, కాని అది ఒక తేదీకి ముగిసి, అవునో కాదో కాగితం మీదికి రావాలి. మంచి ఇరుగుపొరుగు ఉన్నచోట ఒక్కరి అభ్యంతరాన్ని కాలనీ మొత్తం అభ్యంతరంగా నమోదు చేయడం కూడా మానాలి.

దూరం లెక్క ఒకటి తరచు వినిపిస్తుంది. 2022 ఆగస్టులో కేరళ హైకోర్టు నిలంబూరులో ఒక వాణిజ్య భవనాన్ని మసీదుగా మార్చే అనుమతిని నిరాకరిస్తూ, 5 కిలోమీటర్ల పరిధిలో 36 మసీదులున్న సంగతిని ఎత్తిచూపింది. న్యాయస్థానం పట్ల గౌరవంతోనే ఒక మాట అంటాము: 5 కిలోమీటర్లు కారులో పోయేవారికి ఒక దూరం, రోజుకు ఐదు పూటలు నడిచేవారికి మరొక దూరం.

పరాయి దేశంలో జరిగిన ఒక సంగతి ఇక్కడ పనికివస్తుంది. అమెరికాలో మన తెలుగువారు విరివిగా స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రంలో బెర్నార్డ్స్ అనే టౌన్‌షిప్ ఉంది. అక్కడి ముస్లిములు 2012లో మసీదుకు దరఖాస్తు చేశారు. ప్రణాళికా మండలి 39 సార్లు విచారణ జరిపింది. చర్చికి, యూదుల ప్రార్థనాలయానికి ముగ్గురికొక పార్కింగు చోటు చాలునన్న నియమం మసీదు దగ్గరికి వచ్చేసరికి మారి, రెండింతలు అడిగింది. చివరికి తిరస్కరించింది. 2000 సంవత్సరపు ఫెడరల్ చట్టం ప్రకారం భూవినియోగ నిబంధనలలో ఒక మతానికి ఒక కొలత, మరొక మతానికి మరొక కొలత పనికిరాదు. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్లింది. 2017లో టౌన్‌షిప్ 32 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీపడింది, మసీదుకు దారి విడిచింది. అక్కడి ముస్లిములు గెలిచింది నినాదాలతో కాదు. మండలి ప్రతి విచారణనూ, ప్రతి కారణాన్నీ రాతలో ఉంచవలసి వచ్చింది. ఆ రాతే మండలిపై సాక్ష్యమయింది.

మన రాష్ట్రంలోనూ రాత విలువ చూశాము. 2020 జులైలో హైదరాబాదు పాత సచివాలయం కూల్చివేతలో రెండు మసీదులు, ఒక ఆలయం పోయాయి. నాటి ముఖ్యమంత్రి విచారం ప్రకటించి, ప్రభుత్వ ఖర్చుతో తిరిగి కట్టిస్తామన్నారు. మూడేళ్ల తరువాత 2023 ఆగస్టు 25న కొత్త సచివాలయ ఆవరణలో ఆలయం, మసీదు, చర్చి ఒకే రోజున ప్రారంభమయ్యాయి. ఆ కూల్చివేతకు ఒక ఏడాది ముందే, 2019లో, అంబర్‌పేటలో రోడ్డు విస్తరణకు ఏక్‌ఖానా మసీదును తొలగించినపుడు నష్టపరిహారం సొమ్ము ఆ స్థలం తమదన్న ప్రైవేటు వ్యక్తులకు ముట్టింది. అది వక్ఫ్ ఆస్తి అని వక్ఫ్ బోర్డు అన్నది. రాజధాని నడిబొడ్డున మసీదు యాజమాన్యమే వివాదమయినపుడు, కాజీపేట శివారులో ఒక ముందుగదికి ఏ రక్షణ ఉంటుంది?

ఇక మనవారి సంగతి. ప్రభుత్వ భూమిలో రాత్రికి రాత్రి రేకులు వేసి తెల్లవారి మసీదు అనడం ధర్మమూ కాదు, చట్టమూ కాదు. ప్రజాస్థలాలలో ఏ మతం పేరుతోనూ కొత్త కట్టడాలు రాకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. పార్కు కోసం విడిచిన చోటు పిల్లలది. అందులో మనం అడగకూడదు, ఇతరులూ కట్టకూడదు. స్థలం కొని, రిజిస్టరు చేయించి, వక్ఫ్‌గా నమోదు చేయించి, ఆ తరువాతే ఇటుక పేర్చాలి. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత నమోదు కాని ఆస్తిని కేవలం వాడుక వలన వక్ఫ్ అని నిలబెట్టుకోవడం కష్టం. ఎన్ని కమిటీల వద్ద లింకు దస్తావేజులున్నాయి? ముతవల్లీ గారి ఇనుప పెట్టెలో ఉన్నాయని వినడం కాదు, కళ్లతో చూసినవారెవరు?

స్థానిక పాలనలో మనకొక తలుపు ఇప్పటికే ఉంది, దానిని మనం తట్టడం లేదు. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రకారం పాలకమండలిలో మైనారిటీల నుండి ఇద్దరిని కో-ఆప్షన్ సభ్యులుగా తీసుకోవాలి, వారిలో ఒకరు మహిళ. వారికి ఓటు లేదు, మాట్లాడే హక్కు ఉంది. ఆ పదవి పార్టీ కార్యకర్తకు శాలువా కప్పే అవకాశంగా మారినందుకు పార్టీలను ఎంత నిందించాలో, పేరు ప్రకటించిన రోజున పూలదండ వేసి మళ్లీ ఆ సభ్యుని ముఖం చూడని మనలను అంతే నిందించుకోవాలి. 66 డివిజన్లున్న గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో కొత్త లేఅవుట్లలో ప్రార్థనాస్థలాల కోసం, ఏ మతానిదైనా సరే, అమ్మకానికి కొన్ని ప్లాట్లు ముందే గుర్తించాలని ఒక్క సభ్యుడు లేచి అడిగితే, ఆ మాట సభ కార్యకలాపాలలో నమోదవుతుంది. ఖబరస్తాన్‌కు కూడా ఇదే దారి. డివిజన్‌లో యువకుల, మహిళల, వయోవృద్ధుల, ప్రముఖుల వార్డు కమిటీలున్నాయి. అందులో మన పేర్లు ఎన్ని ఉన్నాయో కార్యాలయానికి వెళ్లి అడగవచ్చును, జాబితా దాచవలసిన పత్రం కాదు.

మసీదు, ఖబరస్తాన్ స్థలాల కోసం దరఖాస్తు చేసి ఎదురుచూస్తున్న కమిటీలు మాకు రాయగలరు. దరఖాస్తు తేదీ, రసీదు సంఖ్య, చివరిసారి దస్త్రం ఏ కార్యాలయంలో ఉన్నదో తెలిపితే చాలు. రసీదు తీసుకోనివారు ముందు ఆ కార్యాలయానికి మళ్లీ వెళ్లి, రెండు ప్రతులు పట్టుకుని, ఒకదానిపై ముద్ర వేయించుకుని రావలసిందిగా కోరుతున్నాము.