ముందు ఆపడం రావాలి

ఉద్యోగ ప్రకటనల్లో ఆఖరి వరసను చాలామంది సరిగా చదవరు. మెడికల్ రిప్రజెంటేటివ్, మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసర్, విత్తనాల కంపెనీ సేల్స్, సర్వీస్ ఇంజినీర్... డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవారికి జిల్లాల్లో దొరికే తొలి కొలువుల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి. జీతం, అలవెన్సులు, టార్గెట్లు అన్నీ చెప్పాక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది: 'సొంత టూవీలర్, డ్రైవింగ్ లైసెన్స్ తప్పనిసరి'. మీరేమో 'ఉంది' అని టిక్ పెట్టేస్తారు. ఇంటర్వ్యూ కూడా గట్టెక్కుతుంది. చేరిన మూడో రోజే నాలుగు మండలాలు తిరిగి రమ్మంటారు. అప్పటిదాకా వీధి చివర కిరాణా కొట్టుకు తప్ప బండి తీయని మనిషి వెనకాల బ్యాగు కట్టుకుని, లారీల పక్కన, వానలో, టైముకు చేరాలన్న తొందరలో బయల్దేరతాడు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేకుండా ప్రాణాలు పోగొట్టుకున్నవారు 50 వేల పైచిలుకు. ఇంత ప్రమాదం ఉన్న పనిని మన ఇళ్లలో ఎలా నేర్పుతున్నామో చూడండి. ఆదివారం సాయంత్రం అన్నో, బావో, పక్కింటి స్నేహితుడో వస్తాడు. బండి స్టార్ట్ చేసి చేతికిచ్చి, వెనకాల ఎక్కి కూర్చుంటాడు. 'క్లచ్ వదులు... మెల్లగా... మెల్లగా అన్నానా! రేజ్ ఇవ్వు... బ్రేక్, బ్రేక్!' అరగంటలో పాఠం పూర్తి. పడకపోతే 'వచ్చేసింది' అంటారు. పడితే 'పడకుండా ఎవరికొచ్చిందిరా' అంటారు.

మనం మొదట నేర్పేది బండిని కదిలించడం. నేర్పాల్సింది ఆపడం. భయపడేవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. భయమంటే చేతకానితనం కాదు, బండి తన మాట వింటుందన్న నమ్మకం ఇంకా కుదరలేదు, అంతే. 'ఏం కాదు, పోనివ్వు' అంటే ఆ నమ్మకం రాదు. పదిసార్లు బ్రేకు వేసి, పదిసార్లూ బండి అనుకున్నచోట ఆగితే వస్తుంది. మా దృష్టిలో అయితే, ఏమీ కాదులే అనుకునేవారి కంటే చేతులు వణికేవారే మంచి శిష్యులు. కనీసం చెప్పింది వింటారు.

కాబట్టి మీరు కొత్తగా నేర్చుకుంటున్నా, మీ చెల్లికో రూమ్మేట్‌కో నేర్పుతున్నా, మొదటిరోజు ఇంజిన్ స్టార్ట్ చేయకండి. న్యూట్రల్‌లో పెట్టి, పక్కన నడుస్తూ బండిని తోయండి. 100 సీసీ బండి కూడా 100 కిలోలకు పైనే తూగుతుంది. ఎటు ఒరిగితే ఎంత లాగుతుందో చేతులకు తెలియాలి. స్టాండు వేయడం, తీయడం, మలుపు తిప్పడం అన్నీ అలాగే చేయండి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా? ఆనకపోతే వేరే బండి చూసుకోండి, సగం భయం అక్కడే పోతుంది. ఆ తర్వాత మీరు సీటు మీద ఉంటే నేర్పేవారు వెనక నుంచి మెల్లగా తోస్తారు, మీరు బ్రేకులతో ఆపుతారు. ఇంజిన్ చప్పుడు ఉండదు కాబట్టి మనసంతా బ్రేకు మీదే ఉంటుంది.

ఇక్కడే ఒక పాత మాటను వదిలించుకోవాలి. 'ముందు బ్రేకు ముట్టుకోకు, ఎగిరి పడతావ్' అని ఊళ్లో అందరూ చెబుతారు. నిజానికి బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదకు వస్తుంది. అందుకే బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు జారుతుంది. జనం పడిపోయేది ముందు బ్రేకును ఒక్కసారిగా పిండేసినప్పుడు, లేదా హ్యాండిల్ తిప్పి ఉండగానో ఇసుక మీదో గట్టిగా పట్టినప్పుడు. హ్యాండిల్ తిన్నగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి, నిమ్మకాయ పిండినట్టు కొద్దికొద్దిగా బిగించాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు 125 సీసీ దాకా కనీసం సీబీఎస్, అంతకు మించితే ఏబీఎస్ ఉండాలన్న నిబంధన ఉంది. సీబీఎస్‌లో ఒక బ్రేకు వేసినా రెండు చక్రాల మీదా పడుతుంది, ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. కానీ మనలో చాలామంది నేర్చుకునేది నాన్నగారి పాత బండి మీద. అందులో రెండూ ఉండకపోవచ్చు.

బ్రేకు మీద ధైర్యం వచ్చాక ఇంజిన్. మొదటి గంట అంతా క్లచ్‌తోనే గడపండి. మొదటి గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి ముందుకు లాగుతుంది. అదే హాఫ్ క్లచ్. అక్కడే వేళ్లు నిలిపి, రెండడుగులు కదలనిచ్చి, మళ్లీ క్లచ్ పట్టి ఆపండి. ఇలా 50 సార్లు. విసుగొస్తుంది, రానివ్వండి. కంగారులో చేతులు ఏం చేస్తాయో తెలుసా? హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాయి. మణికట్టు కిందికి దిగి యాక్సిలరేటర్ ఇంకా తిరుగుతుంది. బండి దూకుతుంది. ఆ భయానికి ఇంకా గట్టిగా పట్టుకుంటారు. కొత్తవాళ్లు గోడకు గుద్దుకునే కథ ఇదే. దీనికి విరుగుడు ఎడమచేతిలో ఉంది. క్లచ్ పట్టేస్తే ఇంజిన్ ఎంత అరిచినా చక్రానికి బలం అందదు. ఏం తోచకపోతే క్లచ్ పట్టాలన్నది ఆలోచించకుండా జరిగిపోయేదాకా సాధన చేయాలి. అన్నట్టు, గేర్లు లేని స్కూటర్ తేలికని అందరూ అనుకుంటారు గానీ అందులో ఈ వెసులుబాటు లేదు. కంగారులో యాక్సిలరేటర్ వదలడం, బ్రేకు పట్టడం తప్ప వేరే దారి లేదు. మొదటిరోజు స్కూటర్ దగ్గరే ఇంకొంచెం జాగ్రత్త కావాలి.

గేర్లు బండికో రకం. కొన్నిటికి మొదటిది కిందికి, మిగతావి పైకి. కొన్ని 100 సీసీ బండ్లకు అన్నీ ముందుకు తొక్కడమే. వేరేవాళ్ల బండి ఎక్కేముందు అడిగి తెలుసుకోండి.

స్థలం సంగతి. స్కూలు గ్రౌండు మనకు అలవాటే, కానీ ఇసుక, కంకర ఉన్నచోట బ్రేకు పాఠం కుదరదు. సీజన్ లేనప్పుడు వ్యవసాయ మార్కెట్ యార్డులో సిమెంటు ప్రాంగణం, ప్లాట్లు వేసి ఇళ్లు కట్టని వెంచర్ల లోపలి రోడ్లు అనుకూలం. పొద్దున్నే, అనుమతి అడిగి వెళ్లండి. నేర్పేవారికి ఒక మాట: ఇక్కడ బండి ఎక్కకండి. మీ 60, 70 కిలోల బరువును కూడా మోయమని భయపడేవారిని అడగొద్దు. పక్కన నిలబడి, ఒకసారికి ఒకే మాట చెప్పండి. అరిస్తే వాళ్ల చెవి మీ మీద ఉంటుంది, కన్ను రోడ్డు మీద ఉండదు. చూపు ఎటుంటే బండి అటే పోతుంది. గుంతనే చూస్తూ పోతే గుంతలోకే తీసుకెళ్తారు.

రోడ్డు మీదకు వచ్చాక పద్ధతి వేరు. లెర్నర్ వెనక లైసెన్సున్న శిక్షకుడు కూర్చోవాలి, ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తొలి వారాల్లో హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు హైవే లాంటివాటి జోలికి పోవద్దు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. 60 అయితే 16 మీటర్లకు పైనే. డివైడర్ సందులోంచి గేదె దిగిందని గ్రహించి చేయి బ్రేకు మీదకు వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, తొలకరిలో నూనె తేలిన తారు... ఇవన్నీ మన రోడ్ల సిలబస్‌లో ఉన్నవే.

అమ్మాయిల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇంకొకటి ఉంది: 'నీకెందుకమ్మా, అన్నయ్య దింపుతాడుగా'. ఫీల్డ్ ఉద్యోగానికి అన్నయ్య రోజూ దింపలేడు. బండి రాదన్న ఒక్క కారణంతో వదులుకున్న ఉద్యోగం ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాదు. నేర్పించండి. చున్నీ వెనక చక్రంలో పడకుండా నడుముకు ముడేయడం, చీర గార్డు ఉందో లేదో చూడటం మొదటిరోజు పాఠంలోనే చెప్పండి. హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది ప్రమాదంలో తలకంటే ముందు ఎగిరిపోతుంది.

గ్రూప్ డిస్కషన్‌కు, రెజ్యుమేకు తరగతులు పెట్టే కాలేజీలు ఫైనలియర్ వాళ్లకు ఆదివారం పూట రెండు పాత బండ్లు, ఒక మంచి శిక్షకుడిని ఎందుకు ఏర్పాటు చేయలేవు? ప్లేస్‌మెంట్ ఆఫీసర్లను ఈ మాట మీరే అడగండి.

లైసెన్స్ విషయం వాయిదా వేయకండి. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. ఎల్ఎల్ఆర్ చేతికొచ్చాక 30 రోజులు ఆగితేనే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లగలరు, ఆ ఎల్ఎల్ఆర్ 6 నెలలే చెల్లుతుంది. గేరు లేని బండికి తీసుకున్న లైసెన్స్‌తో గేరు బండి నడపకూడదు, కంపెనీవాళ్లు కార్డు తిప్పి చూసేది కూడా అదే. మే నెలలో ఇంటర్వ్యూలుంటే ఫిబ్రవరిలోనే ఎల్ఎల్ఆర్ స్లాటు బుక్ చేయండి. పరీక్షలో 8 అంకె మీద కాలు కింద పెట్టకుండా తిప్పమంటారు. వెంచర్ రోడ్డు మీద సుద్దముక్కతో ఆ 8 గీసుకుని, హాఫ్ క్లచ్‌తో, చూపు ముందుకు పెట్టి, పొద్దునపూట పావుగంట తిప్పితే మార్చి ఆఖరుకు అది ఆటలా వచ్చేస్తుంది.