కాకతీయ విద్యార్థికి సముద్రం చూపించండి

వరంగల్‌లో జంతుశాస్త్రం పీజీ చదివే చాలామందికి పగడమంటే ల్యాబ్ బీరువాలోని తెల్లటి రాతిముక్కే. ఆ తెలుపు చనిపోయిన అస్థిపంజరానిది. బతికున్న పగడానికి రంగునీ తిండినీ ఇచ్చేవి దాని కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు. నీరు మామూలుకు మించి వేడెక్కితే అవి వెళ్లిపోతాయి, పగడం పాలిపోతుంది. మన్నార్ సింధుశాఖలో ఈ కష్టం ఎక్కువగా వచ్చేది ఏప్రిల్-జూన్ నెలల్లోనే. 2016లో అక్కడ పగడాలు పెద్దఎత్తున చచ్చిపోయాయి. అంటే మన వేసవి సెలవులే అసలు పాఠం జరిగే రోజులు. కాకతీయ విశ్వవిద్యాలయం ఏటా ఒక బృందాన్ని ఆ సింధుశాఖ ఒడ్డున, తమిళనాడులో ఉన్న మండపానికి పంపాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం అక్కడుంది, 1986లో 21 దీవులతో ప్రకటించిన జాతీయ పార్కు ఆ తీరానికి దగ్గర్లోనే ఉంది. మనకు పాకాల, రామప్ప చెరువులున్నాయిగా అంటారు. ఉన్నాయి, ఈత, తాడు పరిచి జీవుల్ని లెక్కపెట్టడం ముందు అక్కడే నేర్పాలి. కానీ చెరువులో పగడం పెరగదు. ప్రయాణం, పడవ ఖర్చు మాత్రం విశ్వవిద్యాలయమే భరించాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదువుకునే పిల్లలు దాన్ని మోయలేరు, వాళ్లను వదిలేసి వెళ్లే కోర్సు మనకొద్దు.