పైపీఠమునకు తొలిమెట్టు

మహాభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును రాజ్యక్షేమమును గూర్చి అనేక ప్రశ్నలడుగును. సేద్యగాండ్రకు విత్తనములును, స్వల్పవడ్డికి అప్పును దొరకుచున్నవా యనునది వానిలో నొకటి. రైతునకు అప్పు పుట్టు తీరును విచారించుట పాలకుల ధర్మమని మన పెద్దలు నాడే గ్రహించిరి. రాజుల కాలము పోయినది. సహకార విధానమున ఆ విచారణకర్తలను ఎన్నుకొనవలసినవారు సభ్యులే.

గద్వాల సీమలో విత్తనపు పత్తి, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో వేరుసెనగ విరివిగా పండును. ఏ పైరునకైనను పెట్టుబడి ముందు, పంట వెనుక. ఏబదివేల రూపాయలు నూటికి నెలకు మూడు చొప్పున తెచ్చినచో ఏటికి వడ్డియే 18,000 రూపాయలగును. ఆ పైకమే సంఘమున పంటఋణముగా ఏటికి నూటికి ఏడు చొప్పున దొరకినచో వడ్డి 3,500 రూపాయలు మాత్రమే. ఈ రెంటి నడుమనున్న వ్యత్యాసము బిడ్డల చదువు, ఇంటి గ్రాసము. కావున అప్పులిచ్చు సంఘముల పీఠములపై నెవరు కూర్చుందురన్నది మగవారి రచ్చబండ ముచ్చట మాత్రమే కాదు.

ఆ పీఠములకు మెట్లున్నవి. గ్రామ సంఘ సభ్యులు పాలకవర్గమును ఎన్నుకొందురు. 2020 ఫిబ్రవరి ఎన్నికలలో తెలంగాణమున ఒక్కొక్క సంఘమునకు 13 స్థానములుండెను. సంఘాధ్యక్షుల నుండి జిల్లా బ్యాంకునకు, అటనుండి 2015లో ఏర్పడిన రాష్ట్ర సహకార బ్యాంకునకు ప్రతినిధులు పోవుదురు. రాష్ట్ర బ్యాంకులన్నియు చేరి 1964లో జాతీయ సమాఖ్యను స్థాపించుకొన్నవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో వేర్వేరు జిల్లాలైనను, వాని సంఘములకు పైమెట్టు మహబూబ్‌నగర్ జిల్లా కేంద్ర సహకార బ్యాంకే.

సిరిసిల్ల ప్రాంతపు గంభీరావుపేట సంఘమున కధ్యక్షులైన కొండూరు రవీందర్ రావుగారు కరీంనగర్ జిల్లా బ్యాంకునకును, పిదప రాష్ట్ర బ్యాంకునకును అధ్యక్షులై, 2023 నాటికి జాతీయ సమాఖ్య అధ్యక్షపదవిలో నుండిరి. అంత ఎత్తునకు దారి పల్లెటూరి సంఘపు గుమ్మముననే యారంభమైనది.

ఆ గుమ్మము కడనే మన చిక్కు. పొలము పట్టా పెనిమిటి పేర నుండును. సంఘ సభ్యత్వమును ఆయన పేరనే యుండును. కలుపు తీయునది, పత్తిపూవులకు చేతితో పుప్పొడి నద్దునది స్త్రీయైనను, సభ్యుల పట్టికలో ఆమె పేరుండదు. పేరు లేనిచో ఓటు లేదు. ఓటు లేనిచో పోటీయు లేదు. 2011 నాటి రాజ్యాంగ సవరణము పాలకవర్గములందు స్త్రీలకు రెండు స్థానములు విధించినది. 2021లో సుప్రీంకోర్టు తీర్పుచే అది బహురాష్ట్ర సంఘములకే పరిమితమైనది. అందును, వ్యక్తులు సభ్యులుగా నుండి, వారిలో స్త్రీలున్న సంఘములకే ఆ నియమము. స్త్రీలు సభ్యులు కానిచోట చట్టము మాత్ర మేమి చేయగలదు?

మనకు లెక్కలు రావని యెవరైన నన్నచో నవ్వవలెను. 2000 సంవత్సరమున వెలుగు పథకము మొదలైన జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. నాటి నుండి పొదుపు సంఘముల స్త్రీలు తీర్మానములు వ్రాసి, అప్పులిచ్చి, వసూలు చేసికొనుచున్నారు. 2011లో వెలసిన స్త్రీనిధియు ఆ సంఘముల బలముపైననే నిలిచినది. అక్కడ చేసినవారు ఇక్కడ చేయలేరా?

కావున, సేద్యముగల యింటి గృహిణి తన పేరను వాటాధనము కట్టి సభ్యత్వమునకు దరఖాస్తు చేయవలెను. కొంత పొలము తన పేర నుండునట్లు ఇంటివారితో నెమ్మదిగా మాటలాడవలెను. బాకీ గడువు మీరనీయరాదు. మీరినవారికి పోటీచేయు అర్హత యుండదు. ఓటడుగ వచ్చినవానిని మూడు సంగతులు ప్రశ్నింపవలెను: వసూలు కాని బాకీలెన్ని? చిన్న రైతులకిచ్చిన దెంత? సభ్యులలో స్త్రీలెందరు?

మూడవ ప్రశ్నకు సమాధానము మీ దరఖాస్తులోనే యున్నది.